తానే రోగియైన వైద్యుడు

జంషెడ్‌పూర్‌లోని టెల్కో కాలనీ మోటారు బండ్ల కర్మాగారమును ఆనుకొని వెలసినది. ఆంధ్ర తీరపు జిల్లాలనుండి జీవనోపాధికై ఆ నగరమునకు తరలిపోయిన తెలుగు కుటుంబములు అనేకము. జీతపు దినమున భర్త ఏ స్థితిలో ఇల్లు చేరునోయని వాకిటివైపు చూచుచు కూర్చుండు ఇల్లాలి వేదన కార్మిక పట్టణములన్నిటికిని తెలిసినదే. అయితే ఆ వేదన పెద్ద చదువులు చదివినవారి ఇండ్లలోను కాపురముండును. టైర్ల తయారీకి పేరుపొందిన అక్రన్ అను అమెరికా పట్టణమున అట్టి ఇల్లొకటి యుండెను. ఆ ఇంటి యజమానుడు డాక్టరు రాబర్టు హోల్‌బ్రుక్ స్మిత్. లోకము ఆయనను డాక్టరు బాబ్ అని యెరుగును.

ఆయన 1879 ఆగస్టు 8న వెర్మాంట్ రాష్ట్రములోని సెయింట్ జాన్స్‌బరీలో జన్మించెను. తండ్రి న్యాయాధిపతి. తల్లిదండ్రులిరువురును భక్తిపరులు. వారమునకు పలుమారులు బలవంతముగా ఆరాధనలకు పోవలసివచ్చిన ఆ బాలుడు, స్వతంత్రుడైన పిమ్మట దేవాలయపు గడప త్రొక్కకూడదని నిశ్చయించుకొనెను. ఆ నిశ్చయము దాదాపు నలువది సంవత్సరములు నిలిచెను. డార్ట్‌మత్ కళాశాలలో వినోదముగా సాగిన త్రాగుడు, షికాగోలోని రష్ వైద్యకళాశాలకు చేరునాటికి ఆయనకు యజమానియాయెను. చేయి వణకుటచేత చివరి పరీక్షలలో ఏమియు వ్రాయని పుస్తకములను అప్పగించి వచ్చెను. ఎట్టకేలకు 1910లో పట్టభద్రుడై, అక్రన్‌లో స్థిరపడి, నేర్పరియైన శస్త్రవైద్యుడను పేరు సంపాదించెను. 1915లో ఆన్ రిప్లేను వివాహమాడెను.

అమెరికాలో మద్యనిషేధము వచ్చినప్పుడు తాను రక్షింపబడితినని ఆయన తలంచెను. అయితే శాసనము సీసాను దాచగలిగెనే గాని దాహమును తీసివేయలేకపోయెను. బొగ్గుల గదిలోను ఇంటి మూలలలోను సీసాలు దాగియుండెను. ఉదయమున చేతి వణకు తగ్గుటకు మత్తుమందు, సాయంకాలమున మద్యము. ఇదే ఆయన దినచర్య. రాబడి తగ్గెను, అప్పులు పెరిగెను. పిల్లలకు తండ్రి మాట నమ్మదగినది కాకపోయెను.

1933లో ఆన్ తన భర్తను ఆక్స్‌ఫర్డ్ గ్రూపు అను క్రైస్తవ సహవాసమునకు తీసికొనిపోయెను. ఆయన అక్కడివారిని ప్రేమించెను, వేదగ్రంథమును శ్రద్ధగా చదివెను, ప్రార్థించెను. అయినను రాత్రులు త్రాగుచునే యుండెను. రెండు సంవత్సరములకు పైగా ఇట్లు జరిగెను. 1935లో ఒక సాయంకాలము ఆయన తన రహస్యమును ఆ చిన్న సంఘము నెదుట ఒప్పుకొనగా, అందరును మోకరించి ఆయనకొరకు ప్రార్థించిరి. త్రాగుడు మాత్రము ఆగలేదు.

ఆ ప్రార్థనకు జవాబు ఎవరును ఊహింపని రూపమున వచ్చెను. న్యూయార్క్ వ్యాపారి బిల్ విల్సన్ త్రాగుడు మానివేసి అప్పటికి అయిదు నెలలాయెను. వ్యాపారపు పనిమీద అక్రన్‌కు వచ్చి, అది విఫలమై, హోటలులో ఒంటరిగా నిలిచియుండగా, అక్కడి మద్యశాల ఆయనను పిలుచుచున్నట్లుండెను. ఆ క్షణమున తనను నిలువబెట్టగలవాడు మరియొక త్రాగుబోతేయని గ్రహించి, ఆయన పాదరులకు టెలిఫోను చేయనారంభించెను. ఆ వెదకులాట హెన్రియెట్టా సైబర్లింగ్ అను స్త్రీయొద్దకు నడిపించెను. డాక్టరు బాబ్‌కొరకు మోకరించినవారిలో ఆమె యొకతె.

మే 12 ఆదివారము సాయంకాలము ఆమె ఇంట వారిరువురు కలిసికొనిరి. పదునైదు నిమిషములు చాలునని షరతు పెట్టి వచ్చిన వైద్యుడు రాత్రి పదకొండు దాటువరకు కూర్చుండెను. అంతకుముందు అనేకులు ఆయనకు బోధించిరి, గద్దించిరి, బ్రతిమాలిరి. ఈ క్రొత్తవాడు మాత్రము తన సొంత పతనమును చెప్పుకొని, తాను నిలుచుటకు ఆయన సహాయమును కోరెను. రోగముతో వచ్చినవారికి సహాయము చేయుట ఆయన వృత్తి; తన రోగమే మరియొకనికి సహాయమగునని వినుట అదే మొదటిసారి.

అయినను ఒక పతనము మిగిలియుండెను. వైద్యుల మహాసభకు అట్లాంటిక్ సిటీకి వెళ్లి, ఆయన మరల త్రాగి ఇల్లు చేరెను. ఆన్, బిల్ కలిసి పరిచర్యచేసి, శస్త్రచికిత్స చేయవలసిన ఉదయమునకు ఆయనను సిద్ధపరచిరి. చేయి నిలుచుటకై ఇచ్చిన ఒక సీసా బీరే ఆయన కడపటి పానము. శస్త్రచికిత్స ముగిసిన తరువాత ఆయన తిన్నగా ఇంటికి రాలేదు. తాను హానిచేసినవారి యొద్దకును, అప్పిచ్చినవారి యొద్దకును పోయి, సమాధానపడి, చీకటి పడిన పిమ్మట తిరిగివచ్చెను. ఆల్కహాలిక్స్ అనానిమస్ సహవాసము 1935 జూన్ 10ని తన జన్మదినముగా ఎంచుచున్నది.

దాహము వెంటనే పోలేదు. రెండున్నర సంవత్సరములు వెంటాడెను. దేవుడు ఆయన దాహమును ఒక్కసారిగా తీసివేయక, దాహముగొన్న తోడివారిని ఆయనకిచ్చెను. ఆ నెలలోనే బిల్, బాబ్ అక్రన్ ఆసుపత్రిలో మంచమునపడియున్న ఒక న్యాయవాదిని దర్శించిరి, ఆయన మూడవవాడాయెను. ఆ తొలి కూడికలలో కొండమీది ప్రసంగము, యాకోబు పత్రిక, కొరింథీయులకు వ్రాసిన మొదటి పత్రిక పదుమూడవ అధ్యాయము తరచుగా చదువబడెను. 1939లో వారి పండ్రెండు మెట్లు గ్రంథరూపమున వెలువడెను. రుసుము లేదు, ఇంటిపేరు అడుగరు. ఒక్కొక్కరు తన కథనే చెప్పుకొందురు. ఈ దినమున త్రాగకుండుటయే ఈ దినపు పని.

త్రాగుబోతులను ఆసుపత్రులు చేర్చుకొనని ఆ కాలమున, సెయింట్ థామస్ ఆసుపత్రిలో సిస్టర్ ఇగ్నేషియా అను కతోలిక సన్యాసిని, 1939లో, జీర్ణకోశపు వాపు అను పేరుతో ఒక రోగిని చేర్చుకొనెను. ఆమెతో కలిసి డాక్టరు బాబ్ ప్రతిఫలము పుచ్చుకొనక అయిదువేలమందికి పైగా సేవచేసెను. 1949 జూన్‌లో ఆన్ ప్రభువునందు నిద్రించెను. మరుసటి సంవత్సరము జూలైలో, కేన్సరుచే కృశించియుండియు, ఆయన క్లీవ్‌లాండ్ మహాసభలో నిలిచి, ఈ పనిని నిరాడంబరముగా ఉంచుకొనుడనియు, దీని సారము ప్రేమయు సేవయునేననియు చెప్పెను. 1950 నవంబరు 16న మరణించెను. ఆయన సమాధిరాతిమీద సహవాసపు పేరైనను లేదు.

1957లో బొంబాయిలో పాదుకొనిన ఈ సహవాసము నేడు మన దేశమున అనేక పట్టణములలో, కొన్నిచోట్ల దేవాలయపు గదులలోనే, కూడుకొనుచున్నది. మన సంఘములలో త్రాగువాని పేరు గుసగుసగా పలుకబడును. వాని భార్య వెనుక బల్లమీద కూర్చుండి త్వరగా వెళ్లిపోవును. డాక్టరు బాబ్ కొరకు మోకరించిన ఆ సంఘము ఆయనను వెలివేయలేదు, ఆయన మరల పడినప్పుడు విసుగుకొనలేదు, తలుపు తట్టిన పరదేశియైన త్రాగుబోతును అనుమానింపలేదు. మన ప్రార్థనకు జవాబు అట్టి అతిథి రూపమున వచ్చినయెడల, తలుపు తీయుటకు మనము సిద్ధముగా నుందుమా?