దండనలో దయ: వీరబ్రహ్మేంద్రస్వామి జీవితము

నల్లమల కొండలకూ ఎర్రమల కొండలకూ నడుమ, కుందూ నది పారే నల్లరేగడి నేలకు నంద్యాల ముఖ్యపట్టణం. చుట్టూ వెలసిన నవనందుల వల్ల ఆ సీమకంతటికీ నందీశ్వరుడే ఆనవాలు. అక్కడినుండి దక్షిణంగా వెళితే ఆళ్ళగడ్డ. ఆళ్ళగడ్డకు తూర్పున, నల్లమల ఒడిలో, అహోబిలం. స్తంభమును చీల్చుకొని వెలువడిన స్వామి హిరణ్యకశిపుని గోళ్ళతో చీల్చినదీ, ప్రహ్లాదుని ఆశీర్వదించినదీ అక్కడేనని స్థలపురాణం. ఈ సీమలో పెరిగే బాలుడు దైవకోపానికీ దైవకరుణకూ గల సంబంధమును గ్రంథాలలో చదువక మునుపే శిల్పాలలో చూస్తాడు. రానున్న కాలమును గూర్చి తెలుగునాట ఎవరూ పలుకనంత భయంకరంగా పలికి, ఎవరూ ఊరడించనంత మెత్తగా ఊరడించిన పోతులూరి వీరబ్రహ్మేంద్రస్వామి తన కాలజ్ఞానమునకు ఈ సీమనే ఎన్నుకొన్నారు.

స్వామి జీవితకాలమును సంప్రదాయం 1608 మొదలు 1693 వరకు అని చెబుతుంది. పరిపూర్ణయాచార్యులు, ప్రకృతాంబ కన్నవారు. విశ్వబ్రాహ్మణ కులం. పసితనంలోనే వారిని కోల్పోయిన శిశువును పాపఘ్ని మఠాధిపతులైన వీరభోజయాచార్యులు, వీరపాపమాంబ దంపతులు పెంచుకొన్నారు. పెంపుడు తండ్రి గతించిన పిదప మఠాధిపత్యం చేతికందివచ్చినా బాలుడు దానిని ఆశించలేదు. దేహం నిలిచేది కాదనీ, దానిపై మమకారం దుఃఖహేతువనీ తల్లికి బోధించి, ఆమె అనుమతితో దేశాటనకు బయలుదేరినాడు.

తిరిగి తిరిగి ఒకనాటికి బనగానపల్లె చేరి, గరిమిరెడ్డి అచ్చమ్మగారి ఇంట పశువుల కాపరిగా కుదిరినాడు. ప్రతిదినమూ పసులను రవ్వలకొండకు తోలుకొనిపోయి, వాటి చుట్టూ చేతికర్రతో ఒక గీత గీచి, తాను కొండగుహలో కూర్చుండి తాటాకులపై వ్రాసుకొనేవాడు. ఆ గీత దాటి ఒక్క పశువూ పోయేది కాదట. క్రూరమృగమేదీ లోనికి వచ్చేది కాదట. సంగతి తెలిసికొన్న అచ్చమ్మగారు తన ఇంటి కాపరి సామాన్యుడు కాడని గ్రహించి, క్షమాపణ వేడి, శిష్యురాలైనది. పుట్టుగుడ్డియైన ఆమె కుమారుడు బ్రహ్మానందరెడ్డికి స్వామి చూపు ప్రసాదించినారని భక్తులు చెప్పుకొంటారు. నేటికీ బనగానపల్లెలోని మఠాలను, రవ్వలకొండ గుహను యాత్రికులు దర్శిస్తున్నారు.

గుహలో వ్రాసినది కాలజ్ఞానం. రానున్న కాలంలో ధర్మం తలక్రిందులగుననీ, ప్రకృతి నియమం తప్పుననీ, పాపులు నశించి కొలదిమంది సాధువులు మిగులుదురనీ అందులోని సారాంశం. బెజవాడలో కృష్ణానది పొంగి కనకదుర్గమ్మ ముక్కుపుడకను తాకుననే మాట ఎరుగని తెలుగువాడు అరుదు. బనగానపల్లెకు సమీపంలోనే యాగంటి క్షేత్రం ఉన్నది. అక్కడి రాతి బసవన్న కలియుగాంతమున లేచి రంకె వేయుననేది మరొక భవిష్యవాణి. ఆ విగ్రహం నానాటికీ పెరుగుతున్నదని జనుల నమ్మకం. స్వామి తీర్పుకు చిహ్నంగా ఎక్కడి వింతమృగాన్నో తేలేదు. రైతు ప్రతిదినమూ మ్రొక్కే బసవన్ననే నిలిపినారు. సహనానికి మారుపేరైన ఆ జంతువు లేచినదంటే లోకంలో అన్యాయం ఎంత పెరిగి ఉండవలెనో వినేవానికి వేరే చెప్ప నక్కరలేదు.

తీర్పుతో కథ ముగియలేదు. దుష్టులను శిక్షించి శిష్టులను రక్షించుటకు తాను వీరభోగవసంతరాయలుగా తిరిగి వత్తునని స్వామి చెప్పినారు. ఆ పేరులోనే తత్త్వమంతా ఉన్నది. వీరశబ్దం ఖడ్గమును తలపిస్తుంది. వసంతశబ్దం ఆకురాలిన చెట్టున తొడిగే చిగురును తలపిస్తుంది. రెండూ ఒకే రాజు పేరు.

ఇట్టి దర్శనాలు తెలుగునేలకే పరిమితమైనవి కావు. నంద్యాల నేడు దక్షిణ ఇండియా సంఘపు ఒక అధ్యక్ష మండలానికి కేంద్రం. బ్రహ్మంగారి తత్త్వాలు వినవచ్చే ఆ సీమలోనే ఆదివారపు ఆరాధనలలో హెబ్రీ ప్రవక్తల గ్రంథాలు చదువబడుతున్నవి. రెండింటినీ పక్కపక్కన ఉంచి చూచినవారికి పోలికలు ఆశ్చర్యం కలిగిస్తవి. క్రీస్తుకు పూర్వం 8వ శతాబ్దానికి చెందిన ఆమోసు కూడా పసులకాపరియే. బీదలను అణగద్రొక్కే ధనికులపై దైవతీర్పు రానున్నదని ఆయన పలికినాడు. మిడుతల దండు పైరును తినివేయుట ఆయనకు కనిపించిన మొదటి దర్శనం. సముద్రమును సైతం ఇంకించే అగ్ని రెండవది. రెండు పర్యాయాలూ ఆయన జనులకై ప్రార్థించగా దేవుడు శిక్షను ఉపసంహరించుకొన్నాడు. మూడవసారి కనిపించినది గోడ వంకరను కొలిచే మట్టపుగుండు. కొలతకు నిలువని గోడ కూలక తప్పదని దాని భావం. విశ్వకర్మ వంశీయులైన స్వామికీ, తరతరాలుగా శిల్పులు ఉలి పట్టిన ఆళ్ళగడ్డ వీధులకూ ఆ పనిముట్టు అర్థం విడమరచి చెప్పవలసిన పనిలేదు.

అంతకన్న దగ్గరి పోలిక యిర్మీయాది. బబులోను సేనలు యెరూషలేమును ముట్టడించి ఉండగా, నగరపతనం తప్పదని తానే ప్రకటిస్తూ, ఆ ప్రవక్త తన సొంత ఊరిలో ఒక పొలం కొన్నాడు. ఆ క్రయపత్రాలను మట్టికుండలో ఉంచి చిరకాలం భద్రపరచుమని తన లేఖకునికి అప్పగించినాడు. పాడుబడనున్న దేశంలో పొలం కొనుట వెర్రితనంగా తోచవచ్చును. కాని జనులు తిరిగివచ్చి ఇండ్లనూ పొలాలనూ ద్రాక్షతోటలనూ మరల కొందురన్న కరుణావాగ్దానానికి ఆ కుండ సంకేతం. బనగానపల్లెలో స్వామి చేసినదీ అటువంటిదే. కాలజ్ఞాన పత్రాలను పాతిపెట్టించి, వాటిపై చింతమొక్క నాటించినారని సంప్రదాయం. ప్రళయమును గూర్చి వ్రాసిన ఆకులపై, తరతరాలకు నీడనిచ్చే చెట్టు! రేపు లేదనుకొన్నవాడు చింతచెట్టు నాటడు. హెబ్రీ ప్రవక్తకూ తెలుగు యోగికీ నడుమ రెండువేల సంవత్సరాలకు మించిన ఎడమున్నది; ఒకరి మాట మరొకరు విని ఉండరు. అయినా తీర్పును మోసే మట్టిలోనే దయను దాచవలెనని ఇద్దరికీ తోచినది.

బనగానపల్లె నుండి స్వామి కడపసీమలోని కందిమల్లాయపల్లె చేరినారు. అక్కడ వడ్రంగపు పని చేసుకొంటూ గృహస్థుగా జీవించినారు. పెదకొమెర్ల వాస్తవ్యులు శివకోటయాచార్యుల కుమార్తె గోవిందమ్మను పెండ్లాడినారు. కొండగుహలో లోకాంతమును చూచిన మనిషి పల్లెలో రైతులకు నాగళ్ళు చెక్కుటలో విరోధమేమీ లేదు. లోకం రేపే ముగియునన్న తొందర ఆయన జీవితంలో కనబడదు. ఈనాటి పనిని నిటారుగా చేయవలెనన్న నియమమే కనబడుతుంది.

ఆయన శిష్యవర్గమును చూచినచో కాలజ్ఞానంలోని దయ ఎట్టిదో స్పష్టమగును. ముఖ్యశిష్యుడు సిద్ధయ్య దూదేకుల కులంలో పుట్టిన మహమ్మదీయుడు. కొడుకు మతం మారినాడని తల్లిదండ్రులు మొరపెట్టగా, నవాబు అతనిని పిలిపించి పరీక్షించినాడనీ, సిద్ధయ్య గురువును తలచి బండను బ్రద్దలు చేసినాడనీ కథ. ఆ కాలంలో పీఠం కులమును విడిచి పోయేది కాదు. స్వామి మాత్రం తన జ్ఞానానికి వారసునిగా ఒక దూదేకుల బిడ్డను నిలిపినారు.

మరొక శిష్యుడు కక్కయ్య మాదిగ కులస్థుడు. అతని కథ ఈ చరిత్ర అంతటికీ తాళపుచెవి వంటిది. ఒకనాడు స్వామి సిద్ధయ్యకు యోగరహస్యం బోధిస్తూ, మానవదేహంలో పద్మాలున్నవనీ, వాటియందు దేవతలు కొలువై ఉన్నారనీ చెబుతుండగా కక్కయ్య చాటున విన్నాడు. దేవతలను కన్నులార చూడవలెనన్న ఆత్రంతో ఇంటికి పోయి, నిద్రిస్తున్న భార్య దేహమును కోసి వెదకినాడు. నెత్తురూ మాంసమూ తప్ప ఏమీ కనబడలేదు. మోసపోతినని కోపంతో పరుగెత్తివచ్చి స్వామిని నిందించినాడు. స్వామి అతని వెంట వెళ్ళి, అతడు వెదకిన తత్త్వమును దర్శింపజేసి, మృతురాలిని బ్రతికించినారు. కక్కయ్య కాళ్ళపై పడి శిష్యుడైనాడు.

ఈ కథను అద్భుతంగా మాత్రమే చెప్పుకొనుట పరిపాటి. ఇందులో అంతకన్న లోతైన పాఠమున్నది. కక్కయ్య నేరం వినరాని మాట వినుట కాదు, సంకేతమును వస్తువనుకొనుట. పద్మమంటే పువ్వనుకొన్నాడు, చూపుతో తెలియవలసినదానిని కత్తితో వెదకినాడు. కాలజ్ఞానమును చదివేవారిలో అనేకులు నేటికీ చేస్తున్నది ఇదే. ఏ వాక్యం ఏ సంవత్సరంలో ఫలించినది, ఏ రాజు ఏ పద్యానికి సరిపోయినాడు అని లెక్కలు వేసి, గ్రంథాన్ని కోసి చూస్తున్నారు. ఆ లెక్కలకు అనుకూలంగా తరువాతివారు కల్పించి చేర్చిన వచనాలూ తక్కువ కావు. ఆ కోతలో గ్రంథం ప్రాణం పోతున్నది. ద్రష్ట భయపెట్టినది తేదీ చెప్పుటకు కాదు, మనిషిని మరల్చుటకు. ఆమోసు ప్రార్థనకు మిడుతలు వెనుదిరిగినవన్న కథ పరమార్థమూ ఇదే. మరలినవానికి తీర్పు తీర్పుగా మిగలదు.

ఇక్కడ స్వామి నడచిన తీరు గమనింపదగినది. భార్యను చంపిన కక్కయ్యను ఆయన శపింపలేదు. అతని తప్పును దాచనూలేదు. చేసిన పని ఎదుటికే అతనిని తిరిగి తీసికొనిపోయినారు. మొదట చూపించినారు, పిదప బ్రతికించినారు. చెరలో ఉన్న యెహెజ్కేలు ఎండిన ఎముకల లోయను దర్శించినప్పుడు, ఆ ఎముకల మధ్య అతడు ముందుగా తిరుగవలసి వచ్చినది. ఆ తరువాతనే వాటిపై మాంసం పెరిగి, ఊపిరి వచ్చి, అవి లేచి నిలిచినవి. చేసిన నాశమును కన్నెత్తి చూడక దయను పొందుట లేదని రెండు కథలూ చెబుతున్నవి.

1693లో వైశాఖ శుద్ధ దశమినాడు స్వామి కందిమల్లాయపల్లెలో సజీవసమాధి ప్రవేశించినారని భక్తుల విశ్వాసం. ఆ వియోగమును సిద్ధయ్య సహింపలేడని ఎరిగి, పూజకు పూలు తెమ్మని అతనిని బనగానపల్లెకు పంపినారు. పూలతో తిరిగివచ్చేసరికి సమాధి మూతపడి ఉన్నది. సిద్ధయ్య గుండె పగిలి ఏడువగా, గురువు దర్శనమిచ్చి, బోధించి, తన దండమూ కమండలమూ పాదుకలూ ముద్రికా అనుగ్రహించినారట. లోకానికి రానున్న దుఃఖమును ఆరితేరి వర్ణించిన మనిషి, ఒక శిష్యుని దుఃఖమును ముందుగా తలచుకొని దానిని తగ్గించే ఉపాయం వెదకినారు.

సిద్ధయ్య ముడుమాలలో మఠం నెలకొల్పినాడు. స్వామి మనుమరాలు ఈశ్వరమ్మ ఆయన బోధను కొనసాగించి పూజ్యురాలైనది. కందిమల్లాయపల్లె నేడు బ్రహ్మంగారిమఠమన్న పేరుతోనే ప్రసిద్ధి. 2022లో నంద్యాల జిల్లా ఏర్పడగా బనగానపల్లె, ఆళ్ళగడ్డ అందులో చేరినవి. సమాధిస్థలం మాత్రం కడప జిల్లాలో ఉన్నది. భక్తులకు ఆ సరిహద్దుతో పనిలేదు. కాలజ్ఞానం వ్రాసిన చోటికీ, సమాధియైన చోటికీ ఒకే భక్తితో వెళ్ళివస్తున్నారు.

విద్యార్థులు ఈ జీవితమునుండి గ్రహింపవలసినది జోస్యం కాదు. తప్పును తప్పని చెప్పే ధైర్యమూ, తప్పు చేసినవానిని విడువని ఓర్పూ ఒకే హృదయంలో ఉండవచ్చునని వీరబ్రహ్మేంద్రస్వామి చరిత్ర నిరూపిస్తుంది. యాగంటి బసవన్న ఎప్పుడు రంకె వేయునో లెక్కించుటకన్న, అది లేవవలసిన అవసరం రాకుండ జీవించుట మేలు. ఆయన కోరినదీ అంతే.