వీధులను ముందుగా గీచిన సెర్డా

19వ శతాబ్ది మధ్యమున బార్సిలోనా నగరము కోటగోడల నడుమ ఊపిరాడక యుండెను. వెలుపల ఫిరంగిగుండు పోవునంత మేర ఇల్లు కట్టరాదని సైనికశాసనము. లోపల జనులు క్రిక్కిరిసి కలరా వాతబడుచుండిరి. 1854లో గోడలు కూల్చుట కనుమతి లభించెను.

1815లో సెంటెల్లెస్‌లో జన్మించిన ఇల్డెఫాన్స్ సెర్డా ఇంజనీరు. అన్నలు గతింపగా వంశార్జితము చేతికి వచ్చెను. ఆయన సర్కారు కొలువు విడిచి నగరముల పెరుగుదలనే పరిశోధింపసాగెను.

1859లో మాడ్రిడ్ ప్రభుత్వ మామోదించిన ఆయన పటమున ముందు దారి లేని సందులు దాదాపు కానరావు. 20 మీటర్ల వెడల్పు వీధులు, 113 మీటర్ల చదరములు, బండ్లు మలుగుటకై కోసిన మూలలు. ఏ వీధినుండి యేవైపునకైనను దారి గలదు. పాతనగరమునే కేంద్రముగా నుంచిన రోవిరా పటమును పురపాలకులు కోరిరి. మాడ్రిడ్ ఆజ్ఞకు మండిపడిరి. ఆ కోపము నిష్కారణమని మేమనము. పటము మాత్రము దొడ్డది.

చదరమునకు రెండు ప్రక్కలనే ఇండ్లు, తక్కినది తోట యని సెర్డా తలంపు. స్థలముల యజమానులు నాలుగు ప్రక్కలను గట్టి తోటలనుగూడ మ్రింగిరి. భూవసతి గల మన పాఠకు లిది గమనింతురుగాక: తోట సొంతదారుల చేతిలో నుండి నశించెను, వీధి యందరిదై నిలిచెను.

నగరనిర్మాణముపై ఆయన మహాగ్రంథము 1867లో వెలువడెను. ఆస్తియెల్ల నీ కృషికే కరగిపోగా 1876లో నిర్ధనుడై మరణించెను. 1897లో గ్రాసియా మొదలగు ఊళ్ళు బార్సిలోనాలో కలిసెను. పటముపై ఆయన వీధులు వాని గుమ్మములకు చేరి అప్పటికి 38 ఏండ్లు.