ఫెర్గస్ సూటర్

నేడు ఫుట్‌బాలు ఆడి ధనము గడించువారిని ఎవ్వరును తప్పు పట్టరు. నూటయేబది సంవత్సరములకు పూర్వము ఇంగ్లండులో స్థితి వేరు. ఆ ఆటకు నియమములు వ్రాసినవారు గొప్ప పాఠశాలలలో చదివిన సంపన్నులు. ఆట వినోదమునకే గాని కూటికి గాదని వారి మతము. కూటికి కొరతలేని వారట్లు తలచుట వింత గాదు.

ఫెర్గస్ సూటర్ 1857వ సంవత్సరమున స్కాట్లండులోని గ్లాస్గో నగరమున జన్మించెను. అతని వృత్తి రాతిపని. పగలు రాళ్లు చెక్కుచు, తీరిక దొరికినపుడు పార్టిక్ అను జట్టులో ఆడుచుండెను. ఆ కాలమున ఆంగ్లేయులు, బంతి చిక్కినవాడు దానిని తన కాలిముందే ఉంచుకొని, అడ్డము వచ్చినవారిని తప్పించుకొని పోవుటయే గొప్పగా నెంచెడివారు. స్కాట్లండువారట్లుగాక బంతిని ఒకరికొకరు అందించుకొనుచు సాగెడివారు. సూటర్ వెనుక వరుసలో నిలిచి ఆడుటయందు నేర్పరి.

పార్టిక్ జట్టు ఒకమారు లాంకషైరు సీమకు పోయి డార్వెన్ జట్టుతో ఆడెను. డార్వెన్ నూలుమిల్లుల పట్టణము. 1931వ సంవత్సరమున గాంధీ మహాత్ముడు మిల్లు కార్మికులను చూడబోయినది ఈ ప్రాంతమునకే. 1878లో సూటర్ అచ్చట స్థిరపడి, మొదట రాతిపనిలోనే కుదిరెను. ఇంగ్లండు రాయి మిక్కిలి గట్టిదని చెప్పి కొలదికాలములోనే దానిని మానివేసెను. పని లేనివాడు ఎట్లు జీవించుచున్నాడని జనులు గుసగుసలాడిరి. తనకు నియతమైన జీతము లేకుండెననియు, అవసరము కలిగినపుడు కోశాధికారియొద్దకు పోయి అడిగెడివాడననియు చాలకాలము తరువాత అతడే చెప్పెను.

1879లో డార్వెన్ జట్టు కప్పు పోటీలో ఓల్డ్ ఈటోనియన్సు అను సంపన్నుల జట్టు నెదుర్కొనెను. ఊరివారు చందాలు వేసికొని తమవారిని లండనుకు పంపిరి. ఐదు గోలులకు ఒక్కటిగా వెనుకబడిన డార్వెన్ జట్టు చివరి నిమిషములలో నాలుగు గోలులు చేసి సమానమయ్యెను! అదనముగా కొంతసేపాడి తేల్చుకొందమన్నచో ప్రతిపక్షులు అంగీకరింపలేదు. రెండవ పర్యాయమును ఆట సమానముగనే ముగిసెను. మూడవ పర్యాయము డార్వెన్ ఆరు గోలులకు రెండుగా ఓడెను. మూడుమారులును లండనుకు పోవలసినవారు కూలిజనులేయని మరువరాదు.

1880లో సూటర్ పొరుగుననున్న బ్లాక్‌బర్న్ రోవర్సు జట్టులో చేరెను. డార్వెన్ ప్రజలకు పట్టరాని కోపము వచ్చెను. అధిక ధనమునకు ఆశపడెనని నిందించిరి. 1882లో రోవర్సు కప్పు తుదియాటకు వచ్చి, ఆ ఈటోనియన్సు చేతనే ఒక్క గోలుతో ఓడెను. ఆ సంవత్సరముననే ఫుట్‌బాలు సంఘమువారు ఖర్చులకును, పోయిన కూలికిని మించి ధనము పుచ్చుకొనువారిని కప్పు పోటీలనుండి బహిష్కరించు నియమము చేసిరి. ఆ నియమము నిలువలేదు. ఉత్తరదేశపు మిల్లు పట్టణముల జట్లు గుట్టుగా ధనమిచ్చుచునే యుండెను. 1884, 1885, 1886 సంవత్సరములలో వరుసగా మూడుమారులు రోవర్సు కప్పు గెలిచెను. మూడు తుదియాటలందును సూటర్ ఆడెను. ఇంతలో 1885 జూలైలో జీతము పుచ్చుకొని ఆడుటకు సంఘము అనుమతించెను.

1888లో లీగు పోటీలు ఆరంభమగునప్పటికి సూటరునకు ముప్పది యేండ్లు నిండెను. వానిలో అతడాడినది ఒక్క ఆటయే, అదియు గోలు కాపరిగా. 1916 జూలైలో బ్లాక్‌పూల్ పట్టణమున మరణించెను.