మానని గాయానికి కావలి: విలియం బోమాంట్

ఆహారం కడుపులో ఎలా జీర్ణమవుతుందో లోకానికి స్పష్టపరచినవాడు విలియం బోమాంట్. ఆయనకు ఆ అవకాశం ఒక పేద కూలీ పొట్టకు తగిలిన గాయం వల్ల లభించింది.

బోమాంట్ 1785 నవంబరు 21న అమెరికాలోని కనెక్టికట్ రాష్ట్రంలో రైతు కుటుంబంలో జన్మించాడు. వైద్య కళాశాలలో చదవలేదు. ఒక వైద్యుని వద్ద శిష్యరికం చేసి, 1812లో అనుమతిపత్రం పొంది, సైన్యంలో చేరి, యుద్ధంలో క్షతగాత్రులకు చికిత్స చేశాడు. తరువాత కెనడా సరిహద్దుకు చేరువనున్న మాకినా ద్వీపపు కోటకు వైద్యుడుగా వెళ్లాడు.

1822 జూన్ 6న అక్కడి వర్తక సంస్థ దుకాణంలో ఒక తుపాకీ పొరపాటున పేలింది. బొచ్చుతోళ్ల వ్యాపారంలో పనిచేసే అలెక్సిస్ సెయింట్ మార్టిన్ అనే ఫ్రెంచి కెనడా యువకునికి ఎడమవైపు పక్కటెముకలు విరిగాయి. ఊపిరితిత్తి, జీర్ణకోశం బయటికి పొడుచుకువచ్చాయి. ఉదయం తిన్న ఆహారం గాయంలోనుండి కారసాగింది. అతడు బ్రతుకుతాడని బోమాంట్ కూడా ఆశించలేదు.

అయినా చికిత్స మానలేదు. గాయాన్ని శుభ్రపరచి, చచ్చిన కండను తొలగించి, కట్లు మారుస్తూ వచ్చాడు. 17 రోజులపాటు నోటితో తీసుకున్నదంతా రంధ్రం గుండా వెలుపలికి వస్తుంటే, మలద్వారం ద్వారా పోషక ద్రవాలు ఎక్కించి ప్రాణం నిలిపాడు. ఆపై బిగువైన కట్లతో ఆహారం లోపల నిలిచింది. గాయం చుట్టూ మానినా జీర్ణకోశపు రంధ్రం మాత్రం మూసుకోలేదు. 1823లో స్థానిక అధికారులు పోషణభారం వదులుకోగా, బోమాంట్ అతనిని తన ఇంటికే తెచ్చుకున్నాడు.

1825లో ప్రయోగాలు ఆరంభమయ్యాయి. మాంసం, రొట్టె, క్యాబేజీ ముక్కలను పట్టుదారానికి కట్టి రంధ్రంలోనికి దించి, కొంతసేపటికి తీసి పరీక్షించేవాడు. జఠరరసాన్ని సీసాలో పట్టి, వెచ్చగా ఉంచి, అందులోనూ మాంసం కరుగుతుందని చూపాడు. కోపం వచ్చినప్పుడు జీర్ణశక్తి మందగిస్తుందని గుర్తించాడు. ఈ ఫలితాలను 1833లో గ్రంథంగా ప్రకటించాడు.

అయితే ఆ కీర్తికి మూల్యం చెల్లించినవాడు సెయింట్ మార్టిన్. ప్రయోగాలు అతనికి బాధ కలిగించేవి. అక్షరాలు రాని అతడు 1832లో ఏడాదికి 150 డాలర్ల ఒప్పందంపై గుర్తు పెట్టాడు. 1834లో కెనడాకు వెళ్లి, బోమాంట్ ఎన్నిమార్లు పిలిచినా తిరిగి రాలేదు.

బోమాంట్ 1853లో సెయింట్ లూయిస్ నగరంలో, మంచు పేరుకున్న మెట్లపై జారిపడి, ఆ గాయాలతో మరణించాడు. రోగి అతనికన్నా 27 ఏళ్లు ఎక్కువ జీవించి 1880లో కన్నుమూశాడు. వైద్యులు శవాన్ని కోరతారని భయపడి కుటుంబీకులు దానిని లోతుగా పాతిపెట్టారు.

పొట్ట తెరిచి ఉన్న రోగికి నేటి అత్యవసర విభాగాలలో ఉపకరణాలు ఎన్నో ఉన్నాయి. అయినా శుభ్రత, పోషణ, ఓపిక నేటికీ తప్పనివే. వాటితోపాటు ఆ దేహం రోగిదేనన్న ఎరుక కూడా ఉండాలని ఈ జీవితకథ బోధిస్తున్నది.