‘సైక్లోన్’ అన్న మాట ఈయనదే!

చదివిన చదువు ఒకటి, దొరికిన ఉద్యోగం ఇంకొకటి అని దిగులుపడుతున్నారా? అయితే హెన్రీ పిడింగ్టన్ గురించి తెలుసుకోండి. వార్తల్లో మీరు తరచూ వినే ‘సైక్లోన్’ అనే మాటను సృష్టించింది ఈయనే.

1797లో ఇంగ్లండ్‌లో పుట్టారు. వ్యాపార నౌకల్లో పనిచేసి కెప్టెన్ అయ్యారు. తర్వాత కలకత్తాలో స్థిరపడ్డారు. అక్కడ ఆయన చేసింది మ్యూజియం క్యూరేటర్ ఉద్యోగం, అనుమానాస్పద మరణాలపై విచారణ జరిపే కరోనర్ ఉద్యోగం. వాతావరణంతో వాటికి సంబంధమే లేదు. అసలు అప్పటికి మన దేశంలో వాతావరణ శాఖే లేదు మరి!

తుపాన్లపై విలియం రీడ్ రాసిన పుస్తకం 1838లో వచ్చింది. అది చదివాక పిడింగ్టన్‌కు కొత్త దారి దొరికింది. ఉపగ్రహాలు, రాడార్లు లేని రోజులు. ఉన్నవల్లా నౌకల లాగ్‌బుక్కులే. ఏ గంటకు గాలి ఎటునుంచి వీచింది, బారోమీటర్ ఎంత పడిపోయింది... ఇవన్నీ సేకరించి మ్యాపు మీద గుర్తులు పెట్టుకునేవారు. 1839 నవంబరులో మన కాకినాడ దగ్గరి కోరంగిని ముంచేసిన తుపానునూ ఇలాగే పరిశోధించారు. 1845లో మారిషస్ దగ్గర చార్లెస్ హెడిల్ అనే నౌక తుపానులో చిక్కుకుని రోజుల తరబడి గుండ్రంగా తిరిగింది. గాలి సుడి తిరుగుతుందనడానికి ఇంతకన్నా రుజువేం కావాలి? పాము చుట్టను సూచించే గ్రీకు మాట ఆధారంగా ‘సైక్లోన్’ పదాన్ని తయారుచేసి, నావికుల కోసం 1848లో రాసిన పుస్తకంలో వివరించారు.

ఆ సుడి ఎలా పుడుతుంది? పోటీ పరీక్షలకూ పనికొస్తుంది, గుర్తుపెట్టుకోండి. సముద్ర ఉపరితలం సుమారు 26.5 డిగ్రీల సెల్సియస్ దాటి వేడెక్కితే తేమగాలి పైకి లేస్తుంది. ఆవిరి మేఘమయ్యేటప్పుడు వెలువడే వేడి ఆ గాలిని ఇంకా పైకి నెడుతుంది. దాంతో కింద పీడనం తగ్గి, చుట్టుపక్కల గాలి అటు పరుగెడుతుంది. భూభ్రమణం వల్ల అది ఉత్తరార్ధగోళంలో అపసవ్య దిశలో తిరుగుతుంది. ఇదే అల్పపీడనం. గాలివేగం గంటకు 31 కిలోమీటర్లకు చేరితే వాయుగుండం, 50కి చేరితే తీవ్ర వాయుగుండం, 62కి చేరితే తుపాను.

మాట్లా నది ఒడ్డున కొత్త రేవు కట్టాలని ప్రభుత్వం తలపెట్టినప్పుడు, ఉప్పెన వస్తే అది నిలవదని 1853లో గవర్నర్ జనరల్ డల్హౌసీకి పిడింగ్టన్ లేఖ రాశారు. ఎవరూ పట్టించుకోలేదు. 1858లో ఆయన కన్నుమూశారు. తర్వాత పోర్ట్ క్యానింగ్ కట్టారు. 1867 తుపానుకు ఉప్పెన వచ్చి దాన్ని దెబ్బతీసింది. కొన్నేళ్లకే ఆ రేవును వదిలేశారు. 1875లో భారత వాతావరణ శాఖ ఏర్పడింది.

తన మాటే నిజమైందని పిడింగ్టన్‌కు తెలియనే లేదు. ఆ పని చేయమని ఆయన్ను నియమించినవాళ్లూ లేరు. అయినా ఒక్కో లాగ్‌బుక్కూ ఓపిగ్గా తిరగేశారు. మీకు ఏ ఉద్యోగం వచ్చినా సరే, ఇష్టమైన విషయానికి రోజూ ఓ గంట కేటాయించుకోండి.