వజ్రవర్తకుడు టావెర్నియర్

క్రీ. శ. 1605లో పారిస్ నగరమున జీన్ బాప్టిస్ట్ టావెర్నియర్ జన్మించెను. అతని తండ్రి దేశపటముల వర్తకుడు. ఆ పటములను చూచుచు, పండితులు తండ్రితో ముచ్చటించు దూరదేశముల సంగతులను వినుచు పెరిగిన ఆ బాలునకు లోకమును చూడవలెనను కోరిక ప్రబలెను. పెద్దవాడై, రత్నవర్తకమును చేపట్టి, 1630 మొదలు 1668 వరకు ఆరు పర్యాయములు తూర్పుదేశములకు యాత్ర చేసెను.

ఆ కాలమున మేలైన వజ్రములకు మన గోలకొండ రాజ్యము పుట్టినిల్లు. అందు కృష్ణాతీరమునందలి కొల్లూరు గని మిక్కిలి ప్రసిద్ధము. వజ్రమనగా కర్బనమే. భూమిలోపల 150 కిలోమీటర్లకు మించిన లోతున, తీవ్రమైన వేడికిని ఒత్తిడికిని లోనై అది స్ఫటికమగును. అగ్నిపర్వతముల ఉద్రేకముతో శిలలందు చేరి పైకి వచ్చును. వానలకును నదులకును ఆ శిలలు అరిగిపోగా వజ్రములు కంకరలో కలియును.

కొల్లూరున సుమారు 60,000 మంది పనిచేయుచుండిరని టావెర్నియర్ వ్రాసెను. పురుషులు మన్ను త్రవ్వుదురు. స్త్రీలును పిల్లలును మోయుదురు. ఆ మన్నును నీట కడిగి, ఎండబెట్టి, చేటలతో చెరిగి, చేతులతో వెదకుదురు. మరియొక గనిలో నేర్పరులైన కూలీలకు సైతము ఏటికి 3 వరహాలే లభించుచుండెనని అతడు తెలిపెను.

వజ్రమును వజ్రముచేతనే కోయవలెను. మన పనివారు వజ్రపుపొడి పూసిన ఉక్కుచక్రముపై రాతిని సానపట్టుచుండిరి. నిర్మలమైన రాతిని బరువు తగ్గకుండునట్లు పైపైన మాత్రమే అరగదీయుదురు. మచ్చయున్నచో అది కానరాకుండ పలకలు తీర్తురు.

1665లో టావెర్నియర్ ఔరంగజేబు కొలువున ఒక మహావజ్రమును చేతబట్టి చూచెను. అతని కథనము ప్రకారము, 787½ క్యారట్ల ఆ ముడిరాతిని బోర్జియో అను వెనిస్ పనివాడు చీల్చి మంచి ముక్కలు తీయుటకు మారుగా, నేర్పు చాలక, అరగదీసి 280 క్యారట్లకు దించెను. వానికి కూలి దక్కకపోగా 10,000 రూపాయల జరిమానా పడెను.

టావెర్నియర్ మనదేశమునుండి కొనిపోయిన 115 క్యారట్ల నీలివజ్రమును ఫ్రాన్సు ప్రభువగు 14వ లూయీ 1668లో కొనెను. 1673లో దానిని 69 క్యారట్లకు చెక్కించెను. ఇచ్చటను బరువు తగ్గినది; కాని కాంతి ఇనుమడించినది. 1792లో అది దొంగలపాలయ్యెను. నేడు వాషింగ్టన్ ప్రదర్శనశాలలోనున్న హోప్ వజ్రము దానినుండి చెక్కబడినదే.

1676లో టావెర్నియర్ తన యాత్రాగ్రంథమును ప్రకటించెను. వార్ధక్యమునందును ప్రయాణములు మానక, 1689లో మాస్కో నగరమున మరణించెను. వజ్రములు ధరించిన రాజుల పేర్లు చరిత్రలో పెక్కు కలవు. వాటిని త్రవ్వినవారి కూలిని, సానపట్టినవారి నేర్పును గూడ వ్రాసియుంచినందున ఈ వర్తకుడు మనకు స్మరణీయుడు.