గాస్టన్ ప్లాంటే చరిత్రము

మన పాఠశాలలలో నేడు కంప్యూటరు గది లేనిది అరుదు. ఆ గదిలో బల్లక్రింద దుమ్ము కప్పుకొని యుండు నల్లని పెట్టెను విద్యార్థులెల్లరును చూచియే యుందురు. దానిని యూ.పీ.ఎస్. అందురు. కరెంటు పోయినప్పుడది కీచుమని కూయును. అంతకుమించి దానినిగూర్చి యెవరును విచారింపరు. ఆ పెట్టె మూత తీసినచో లోపల ఇటుకవలె బరువైన బ్యాటరీ యొకటి కనబడును. బ్యాటరీలోపల ముఖ్యముగా నుండునవి సీసపు పలకలును, నీరు కలిపిన గంధకామ్లమును మాత్రమే. ఈ రెంటిని కూర్చి, వానియందు విద్యుత్తును నింపి, కావలసినప్పుడు తిరిగి తీసికొనవచ్చునని లోకమునకు చూపినవాడు గాస్టన్ ప్లాంటే యను ఫ్రెంచి పండితుడు. విద్యుచ్ఛాస్త్రము చదివినవారందరకును ఈ పేరు తెలియును. కాని ప్రతిదినము అతని సొత్తు వాడుకొనుచున్న మనలో ననేకులకు అతడెట్టివాడో తెలియదు.

ఈ చరిత్రము వ్రాయుటకు నన్ను పురికొల్పినది నాకు జరిగిన యొక పరాభవము. కొన్ని యేండ్లక్రిందట నేను వేరొక పాఠశాలయందు పనిచేయుచుండగా, పదవ తరగతివారి మార్కులను కంప్యూటరునకెక్కించు పని నాకు అప్పగింపబడెను. మూడు దినములు శ్రమించి యెక్కించితిని. మూడవనాటి సాయంకాలము గాలివాన వచ్చి కరెంటు పోయెను. పెట్టెమీది పచ్చదీపము అంతవరకు చక్కగా వెలుగుచుండెను గనుక నేను నిశ్చింతగా నుంటిని. కాని కరెంటు పోయిన క్షణముననే తెర నల్లబడెను. బ్యాటరీ యెన్నడో చచ్చియుండెను. దానిని ఒక్కనాడైనను పరీక్షించి చూచినవాడను కాను. సగము వ్రాయబడుచుండగా ఆగిపోయిన ఫైలు తరువాత తెరువబడలేదు. వేరొక ప్రతియైనను నేను తీసియుంచలేదు. మరునాడు గడువు. ఆ రాత్రి గుమాస్తాగారును నేనును కాగితముల కట్టలు ముందుంచుకొని మరల మొదటినుండి లెక్కకట్టితిమి. ఒక బాలిక జవాబు కాగితము మాత్రము కనబడలేదు. ఆమె సంవత్సరపు కష్టమునకు నా జ్ఞాపకము తప్ప ఆధారము లేకపోవునేమో యని నేను పడిన వేదన యింతింత యనరాదు. తెల్లవారుజామున అది బీరువా వెనుక దొరికెను. తరువాత ఆ చచ్చిన బ్యాటరీని చేతబట్టుకొని, దీనిని కల్పించినవాడెవ్వడా యని వెదుకగా ప్లాంటే కథ నాకు లభించెను.

గాస్టన్ ప్లాంటే 1834వ సంవత్సరము ఏప్రిలు 22వ తేదీని ఫ్రాన్సు దేశపు నైరృతి భాగమున, పిరనీస్ పర్వతములకు సమీపమున నున్న ఓర్తెజ్ పట్టణమున జన్మించెను. అతని తమ్ముడు ఫ్రాన్సిస్ ప్లాంటే పియానో వాద్యమున యూరపు అంతట కీర్తి గడించినవాడు. అన్నకు మాత్రము సంగీతముకంటె ప్రకృతిశాస్త్రములందే మక్కువ మెండు. పారిస్ నగరమున చదువు ముగించుకొని, 1854లో అచ్చటి కళాశిల్ప విద్యాలయమున భౌతికశాస్త్ర ప్రయోగశాలలో సహాయకుడుగా చేరెను. అచ్చటి ఆచార్యుడు ఎడ్మండ్ బెకెరల్. ఈయన కుమారుడైన హెన్రీ బెకెరలే తరువాత 1896లో రేడియో ధార్మికతను కనుగొనిన వాడు.

ఉద్యోగమున చేరిన మరుసటి యేడే, అనగా 1855లో, ఇరువదియొక్క యేండ్ల ప్రాయమున, ప్లాంటేకు విద్యుత్తుతో నేమాత్రము సంబంధము లేని కీర్తి యొకటి లభించెను. పారిస్ సమీపమున మ్యూడన్ అను చోట భూమిపొరలలో నతనికి ఒక పెద్ద పక్షి కాలియెముక దొరికెను. ఎగురలేని యా పక్షి నిలువెత్తు మనుష్యునికంటె పొడవైనది. అయిదుకోట్ల సంవత్సరములకు పూర్వమే జీవించినది. పండితులు దానికి గాస్టోర్నిస్ అని, అనగా గాస్టన్ పక్షి యని పేరిడిరి. విద్యుత్ పండితుని పేరు పక్షికుండుట వింతయే గదా!

ఇక ముఖ్యవిషయమునకు వత్తము. 1800లో ఇటలీ దేశస్థుడైన వోల్టా విద్యుద్ఘటమాలను నిర్మించినది మొదలు, విద్యుత్తు కావలెనన్నచో తుత్తునాగమువంటి లోహమును ఆమ్లమున కరగించుటయే మార్గమై యుండెను. లోహము కరగిపోయిన వెనుక ఘటము పనికిరాదు. కట్టె కాలి బూడిద యైనట్లే. తంతి కార్యాలయములన్నియు ఇట్టి ఘటములతోనే నడచుచుండెను. 1803లో జర్మనీ పండితుడు రిట్టర్, ఒక ఘటమాలనుండి విద్యుత్తును వేరొక లోహపు దొంతిలోనికి పంపి, పిమ్మట తీగ విడదీసినచో ఆ దొంతినుండియే కొంతసేపు విద్యుత్తు వెనుకకు వచ్చుచున్నదని కనుగొనెను. కాని అది క్షణకాలము మాత్రమే నిలుచునది గనుక దానిని ఉపయోగమునకు దెచ్చినవారు లేకుండిరి. పైగా తంతివారికది యొక చీకాకుగానే తోచెను. ఏలయనగా ఘటములోపల నిట్లు పుట్టు నెదురు విద్యుత్తు అసలు విద్యుత్తును క్షీణింపజేయుచుండెను.

ప్లాంటే యీ చీకాకునే పరిశోధనకు గైకొనెను. బంగారము, వెండి, రాగి, తగరము, అల్యూమినియము, ప్లాటినము, సీసము మొదలగు లోహముల పలకలను వరుసగా ఆమ్లమున ముంచి, ఏ లోహము ఎక్కువ సేపు, ఎక్కువ బలముగా విద్యుత్తును తిరిగి యిచ్చునో పరీక్షించెను. విలువగల లోహములన్నియు ఓడిపోయి, ఎల్లవారును తక్కువగా చూచు సీసము గెలిచెను. 1859లో అతడు రెండు పొడవైన సీసపు రేకులను, నడుమ ముతక బట్టనుంచి, చాపవలె చుట్టగా జుట్టి, పదవవంతు గంధకామ్లము కలిపిన నీటిలో గాజుపాత్రయందు నిలిపెను. సాధారణ ఘటములనుండి విద్యుత్తును దీనిలోనికి పంపగా, ఒక రేకుపై గోధుమవర్ణముగల సీసపు ఆక్సైడు ఏర్పడెను. రెండవ రేకు గుల్లబారి మెత్తని సీసమయ్యెను. పిమ్మట తీగలు కలిపినంతనే రెండు రేకులును మెల్లగా సీసపు సల్ఫేటుగా మారుచు, నింపిన విద్యుత్తును తిరిగి యిచ్చెను. మరల నింపవచ్చును, మరల తీయవచ్చును. 1860 మార్చి నెలలో ఇట్టి తొమ్మిది ఘటములు గల పెట్టెను అతడు ఫ్రెంచి విజ్ఞాన పరిషత్తు ఎదుట నుంచెను. ఒక్కొక్క ఘటమునకు సుమారు రెండు వోల్టుల బలము. నేటి పండ్రెండు వోల్టుల బ్యాటరీలో ఆరు ఘటములుండుటకు కారణమిదియే.

అయితే ఒక చిక్కు గలదు. క్రొత్త సీసపు రేకు విద్యుత్తును బహు కొద్దిగా మాత్రమే నిలువజేయును. దానిని ఒకవైపు నింపి, ఖాళీచేసి, ఎదురువైపు నింపి, కొన్నిదినములు విశ్రాంతి నిచ్చి, మరల మొదలిడవలెను. ఇట్లు చేసినకొలది రేకు లోతుగా గుల్లబారి శక్తి పెరుగును. ఈ పనికి నెలలు పట్టుచుండెను. ప్లాంటే విసుగు చెందలేదు. అతని ఓపికకంటె నా కాశ్చర్యము గొలుపునది మరియొకటి గలదు. ఆ కాలమున విద్యుత్తును చౌకగా పుట్టించు యంత్రమే లేదు. తుత్తునాగమును కరగించి పుట్టించిన విద్యుత్తును సీసమునందు దాచుట, కొనితెచ్చిన నీటితో చెరువు నింపుటవంటిది. చెరువు త్రవ్విన పదేండ్లకుగాని వాన రాలేదు.

ఆ నడిమికాలమున అతడు ఖాళీగా నుండలేదు. 1860లో సామాన్యజనులకు శాస్త్రములు బోధించు పాలిటెక్నిక్ సంఘమున భౌతికశాస్త్రాచార్యుడయ్యెను. పగలు పనిచేసికొని వచ్చినవారికి పాఠములు చెప్పుట ఎంత కష్టమో ఉపాధ్యాయులకే తెలియును. తన ఘటముతో ప్లాటినపు తీగను ఎఱ్ఱగా కాల్చి క్రొవ్వొత్తి వెలిగించు చిన్న పెట్టెను చేసి, దానికి శని చెకుముకి యని పేరిడెను. పూర్వులు సీసమును శనిలోహమనుటచే నా పేరు వచ్చెను.

1871లో గ్రామ్ అను శిల్పి తన డైనమో యంత్రమును విజ్ఞాన పరిషత్తుకు చూపెను. ఎదురుచూచిన వాన యిదియే. 1873లో ప్లాంటే, తన మిత్రుడైన నియోడేతో కలిసి, చేతితో త్రిప్పు గ్రామ్ యంత్రమును తన ఘటములకు కలిపి చూచెను. పిడిని త్రిప్పుచుండగా ఘటములు నిండెను. పిడి వదలివేయగానే యంత్రము ఆగలేదు! ఘటములలో నిండిన విద్యుత్తు వెనుకకు వచ్చి, దానిని అదే దిక్కున త్రిప్పుచుండెను. త్రిప్పువాడు చేయి తీసినను పని ఆగకుండుట; మన కంప్యూటరు బల్లక్రింది పెట్టె చేయునదియు ఇదియే గదా.

ఇచ్చట చరిత్రమును కొంచెమాపి, ఆ పెట్టెనుగూర్చి నేను ఆలస్యముగా నేర్చుకొనినది చెప్పెదను. కరెంటు పోయిన కొన్ని మిల్లీసెకండ్లలో అది బ్యాటరీ విద్యుత్తును ఇంటి విద్యుత్తువలె మార్చి కంప్యూటరునకు పంపును. అంతమాత్రమున పని ముగియలేదు. బ్యాటరీ త్వరలో అయిపోవును. సామాన్యముగా చిన్న పెట్టెలలో నుండునది పండ్రెండు వోల్టుల, ఏడు ఆంపియర్-గంటల బ్యాటరీ. అనగా 84 వాట్-గంటలు. 200 వాట్లు త్రాగు కంప్యూటరునకు కాగితముమీద 25 నిమిషములు రావలెను. వాస్తవమున అందు సగమునకు మించి ఆశింపరాదు. త్వరగా పిండినకొలది సీసము తక్కువ యిచ్చుననునది దీని స్వభావము. అందుచేత పెట్టెనుండి కంప్యూటరునకు ఒక సన్నని తీగ కలుపవలెను. కరెంటు పోయినదనియు, బ్యాటరీ యింత మిగిలినదనియు పెట్టె ఆ తీగద్వారా తెలుపును. కంప్యూటరు ఫైళ్లను భద్రపరచి తనంతట తానే ఆగిపోవును. ఈ తీగ చాలచోట్ల అట్టపెట్టెలోనే ఉండిపోవుచున్నది! కరెంటు పోయిన వెంటనే ఆగునట్లు నియమింపరాదు, ఏలయనగా పెక్కు కోతలు క్షణములలో తీరిపోవును. బొత్తిగా అడుగంటువరకును ఆగరాదు, ఏలయనగా ఆగుటకే కంప్యూటరునకు ఒకటి రెండు నిమిషములు కావలెను. ఒకే పెట్టెపై అనేకములున్నచో పిల్లల కంప్యూటర్లు ముందును, మార్కులుండు ప్రధాన కంప్యూటరు చివరను ఆగవలెను. కరెంటు వచ్చినంతనే అన్నియు లేచుటయు మంచిది కాదు. బ్యాటరీ ఇంకను ఖాళీగా నుండగా రెండవమారు కరెంటు పోయినచో రక్షణ యుండదు. గాలివాన దినములలో ఇట్లే జరుగును. కొంత నిండిన పిమ్మటనే లేచునట్లు నియమించుట మేలు.

ఖాళీయైన బ్యాటరీని అట్లే వదలివేసినచో పలకలమీది సల్ఫేటు గట్టిపడి, మరల కరగనేరదు. ఇది ప్లాంటే ఘటమునకు పుట్టుకతో వచ్చిన రోగము. ఎండ దీనికి మరియొక శత్రువు. వేడిమి పది డిగ్రీలు పెరిగినచో ఆయువు సుమారు సగమగును. ఐరోపా లెక్కలలో అయిదేండ్లు బ్రదుకునది మన మే నెలలయందు రెండు మూడేండ్లకే చచ్చుట వింత కాదు. నెలకొకమారు, ఎవరును పనిలో లేని వేళ, గోడకు తగిలించిన ప్లగ్గును తీసి చూడవలెను. పచ్చదీపమును నమ్మరాదు. చచ్చిన బ్యాటరీని చెత్తలో పారవేయక కొన్న దుకాణమునకే తిరిగి యీయవలెను, సీసము విషము.

1881లో కామిల్ ఫోర్ అను ఫ్రెంచి యింజనీరు సీసపు రేకులకు సీసపు ఆక్సైడు ముద్దను పూసి, నెలలు పట్టు పనిని దినములకు తగ్గించెను. ఆ యేడే అట్టి బ్యాటరీ పెట్టె పారిస్ నుండి గ్లాస్గోకు, విలియం థామ్సన్ పండితునికి పంపబడెను. ఆ యేడే లండను, బ్రైటన్ నడుమ రైలుబండిలో ఫోర్ ఘటములతో దీపములు వెలిగెను. వ్యాపారమంతయు ఫోర్ పేరున సాగెను. ఇరువది సంవత్సరములు ఒంటరిగా పాటుపడినవాని పేరు వార్తలయందు వెనుకబడెననియే నా యభిప్రాయము. ప్లాంటే మాత్రము అంతకుముందే వేరొక పనిలో మునిగి యుండెను. ఎనిమిదివందల ఘటములను వరుసగా కూర్చి, సుమారు 1600 వోల్టుల విద్యుత్తును పుట్టించి, నీటిమీద మెరయు అగ్నిగోళములను చూచుచుండెను. మెరుపులు, గోళాకారపు పిడుగులు, ధ్రువప్రాంతపు కాంతులు ఎట్లు కలుగునో వీనివలన తెలిసికొనగోరెను. ఉప్పునీటితో తడిపిన గాజుపై ప్లాటినపు తీగతో వ్రాసి, గాజును చెక్కు విద్యయును కనుగొనెను. తన పరిశోధనలను 1879లో గ్రంథముగా ప్రకటించెను. వాయుమండలపు విద్యుత్తునుగూర్చి 1888లో మరియొక గ్రంథము వ్రాసెను. పిడుగునుగూర్చి అతడు చెప్పిన కారణములన్నియు తరువాతి పండితులు అంగీకరింపలేదు. అయినను ప్రయోగములను దాచక వ్రాయుటచే నవి ఇతరులకు ఉపయోగపడెను.

1889 మే 21వ తేదీని, ఏబదియైదేండ్ల వయసున, అతడు మరణించెను. పారిస్ లో ఈఫెల్ గోపురమును జనులకు తెరచిన నెలయే యది. తమ్ముడు ఫ్రాన్సిస్ మాత్రము 1934 వరకు జీవించెను. 1912లో అమెరికా మోటారుబండ్లకు పిడి త్రిప్పు బాధ తొలగి, సీసపు బ్యాటరీతో యంత్రము కదలుట మొదలయ్యెను. 1928లో తన యెనుబదితొమ్మిదవ యేట ఫ్రాన్సిస్ వాయించిన పియానో గీతములు గ్రామఫోను పలకలకెక్కినవి. అప్పటికి వీధులలో పోవు మోటార్లలో అన్న చుట్టిన సీసపు రేకుల సంతతివారే పనిచేయుచుండిరి.